తెర వేసే వేళ

గన్నవరం అంటే బయటివాళ్లకు ముందు గుర్తొచ్చేది విమానాశ్రయం. ఆ తర్వాత పశువైద్య కళాశాల. 1998లో మొదలైన ఆ కాలేజీకి ఎన్టీ రామారావు పేరు పెట్టారు. ఎవరూ అనుకుని చేసింది కాదు గానీ ఇందులో ఓ తమాషా ఉంది. కుక్కకూ పిల్లికీ ఆవుకూ వైద్యం నేర్పే చోటు ఎవరి పేరున ఉందో, తెలుగు ఇళ్లలో పసిపిల్లలకు కట్టే కృష్ణ వేషానికి ఒజ్జబంతి కూడా ఆయనే. కిరీటం ఎంత ఎత్తుండాలి, పింఛం ఎక్కడ గుచ్చాలి, పెదవి మీద నవ్వు ఏ మేరకు ఉండాలి అన్న లెక్కలన్నీ 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’తో తేలిపోయాయి. అంతకుముందు ఓ సినిమాలో కాసేపు కనిపించిన ఆయన కృష్ణ వేషం జనానికి నచ్చలేదనీ, ఆ జంకుతో మాయాబజార్‌కు మొదట వెనకాడారనీ, దర్శకుడు కె.వి.రెడ్డి పట్టుబట్టి ఒప్పించారనీ చెబుతారు. ఆ తర్వాత క్యాలెండర్లలో వెలసిందీ, అక్కణ్ణుంచి పూజగదుల్లోకి నడిచిందీ ఆ కృష్ణుడే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు బెజవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. ఆయన్ను కృష్ణ నుంచి విడదియ్యడం ప్రభుత్వం వల్ల కూడా కాలేదన్నమాట.

శ్రావణ బహుళ అష్టమి దగ్గరపడిందంటే బెజవాడ దుకాణాల్లో చంటిపిల్లల కొలతల్లో కిరీటాలు, దండకడియాలు, పసుపు పట్టుపంచెలు వేలాడతాయి. పండగనాడు ప్లేస్కూళ్లలో, ఫొటో స్టూడియోల్లో, ఇళ్ల హాళ్లలో ఒకటే సందడి. పది నెలల బిడ్డను వెన్నకుండ పక్కన కూర్చోబెడతారు. కుండలో వెన్న ఉండదు, దూది ఉంటుంది. మేనమామ గిలక్కాయ ఊపుతాడు. అమ్మమ్మ చిటికెలు వేస్తుంది. అమ్మ ఫొటోగ్రాఫర్ భుజం వెనక నుంచి ‘ఇటు చూడు నాన్నా, ఇటు ఇటు’ అంటూ గెంతుతుంది. కిరీటం కళ్ల మీదికి జారుతుంది. బిడ్డ పింఛం పీకి నోట్లో పెట్టుకుంటాడు. అంతసేపటి ఏడుపులో ఎక్కడో ఒక్క క్షణం ఆగి, ఎటో చూసి, బోసినోరు తెరుస్తాడు. ఆ ఒక్క ఫొటో చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లోకీ, అదృష్టం బాగుంటే మర్నాడు పత్రిక జిల్లా పేజీలోకీ వెళ్తుంది. మిగతా ఏడుపంతా డిలీట్.

ఈమధ్య ఆ ఫ్రేములోకి కుక్కపిల్ల కూడా వచ్చింది. పుట్టినరోజుకు గౌను, ఉగాదికి పంచె, క్రిస్మస్‌కు ఎర్ర టోపీ, ఎండాకాలం చలవ కళ్లద్దాలు. సైబీరియా మంచులో పరుగెత్తడానికి పుట్టిన హస్కీ జాతి కుక్క, మే నెలలో 45 డిగ్రీలు దాటే బెజవాడ అపార్టుమెంటులో షేర్వానీ తొడుక్కుని నాలుక వేలాడేసి నిలబడితే, చూసినవాళ్లు ‘ఎంత బాగా నవ్వుతోందో’ అంటారు.

ఇది తప్పా అని అడిగితే వెంటనే రెండు జవాబులు వస్తాయి. ముద్దుకు చేసినదాన్ని కూడా తప్పుపడతారా, మీకు పిల్లలు లేరా అన్నది ఒకటి. నోరులేనివాళ్ల అనుమతి లేకుండా ఫొటో తీయడమే హింస అన్నది రెండోది. మొదటిది మాట తోసెయ్యడం. రెండోది నిజానికి దగ్గరగానే ఉంది గానీ, అలా అయితే పసిబిడ్డకు స్నానం చేయించడానికీ అనుమతి లేదు, జుట్టు తీయించడానికీ లేదు, సూది వేయించడానికీ లేదు. నోరులేనివాళ్ల విషయంలో పెద్దవాళ్లు నిర్ణయాలు తీసుకోక తప్పదు. అడగాల్సింది ఇంకోటి. ఈ అలంకారం ఎవరి కోసం జరుగుతోంది? ఈ ప్రశ్నను స్టూడియోలో కాదు, గుళ్లో అడిగి చూడాలి. ఎందుకంటే మనవాళ్లు శతాబ్దాలుగా రోజూ, వేళ తప్పకుండా, నోరు విప్పని ఒక మూర్తికి బట్టలు కడుతూ వస్తున్నారు.

బెజవాడవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు రోజుకో అలంకారంలో కనిపిస్తుంది. ఒకనాడు బాలాత్రిపురసుందరి, ఒకనాడు అన్నపూర్ణ, మూలా నక్షత్రం నాడు సరస్వతి, చివరికి రాజరాజేశ్వరి. ఆషాఢంలో కూరగాయలతో, ఆకుకూరలతో శాకంబరిగా అలంకరిస్తారు. వేషాలు మార్చడమే తప్పయితే కృష్ణ ఒడ్డున అందరికన్నా ముందు ఆ కొండ మీది అర్చకుల్నే నిలదియ్యాలి.

అయితే ఆ అలంకారానికి ఓ పద్ధతి ఉంది. షోడశోపచారాల్లో వస్త్రం, ఆభరణం ఉపచారాలే గానీ ప్రదర్శనలు కావు. కాళ్లకు నీళ్లివ్వడం, స్నానం చేయించడం, నైవేద్యం పెట్టడం, ఇవన్నీ ఏ వరసలో ఉన్నాయో బట్ట కట్టడమూ అదే వరసలో ఉంది. ఇంటికొచ్చినవారికి చేసే మర్యాద అది. మధ్యమధ్య తెర వేస్తారు. స్వామికి స్నానం చేయించి బట్టలు మార్చేటప్పుడు తెర. నైవేద్యం పెట్టేటప్పుడు తలుపు. తిరుమలలో బయట ఎన్ని వేలమంది క్యూలో నిలబడి ఉన్నా రాత్రి ఏకాంత సేవ చేసి స్వామిని పడుకోబెట్టాల్సిందే. మామూలు రోజుల్లో భోగ శ్రీనివాసమూర్తికి ఆ పాన్పు సేవ జరుగుతుంది. ధనుర్మాసంలో మాత్రం ఆయన బదులు శ్రీకృష్ణుడి విగ్రహాన్ని ఊయల పాన్పు మీద పడుకోబెడతారు. గుళ్లో ఫొటోలు నిషిద్ధం. చూడాలనుకునేవాళ్ల తొందర కన్నా, చూడబడేవారి నిద్ర పెద్దదని ఆ ఏర్పాటులోనే ఉంది.

బాలకృష్ణుడి విషయంలో ఈ పద్ధతిని పరాకాష్ఠకు తీసుకెళ్లినవాడు తెలుగింటి బిడ్డే. పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులు 1479లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని చంపారణ్యంలో, వెలనాటి తెలుగు బ్రాహ్మణ దంపతులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మలకు పుట్టాడు. ఆయన సంప్రదాయంలో దేవుడు రాజు కాదు, ఇంట్లో పిల్లవాడు. రాజస్థాన్‌లోని నాథద్వారంలో శ్రీనాథ్‌జీకి రోజుకు ఎనిమిది దర్శనాలు. మంగళ దర్శనంతో లేపుతారు, శృంగార దర్శనంలో అలంకరిస్తారు, రాజభోగం తర్వాత మధ్యాహ్నం పడుకోబెడతారు, ఉత్థాపనంతో మళ్లీ లేపుతారు, చివరిది శయన దర్శనం. ఎండాకాలం పల్చటి మల్లు బట్ట, చలికాలం దూది పెట్టిన అంగీ. ఆడుకోవడానికి బొమ్మలు. రాజస్థాన్ మార్వాడీలూ గుజరాతీ వ్యాపారులూ దేశం నలుమూలల నుంచి అక్కడికి వచ్చి, దర్శనం తలుపు తెరిచేదాకా కాచుకుని, తెరిచిన కాసేపట్లో తనివితీరా చూసుకుని, తలుపు మూస్తే మారుమాట లేకుండా వెళ్తారు. పిల్లవాడు పడుకున్నాడంటే పడుకున్నాడంతే.

హేతువాదికి ఇక్కడ నవ్వొస్తుంది. రాతికి చలేమిటి, నిద్రేమిటి? మంచి ప్రశ్నే. చలి వెయ్యదు. భక్తుడికి కూడా ఆ సంగతి తెలుసు. కానీ అడగలేని ఒకరికి ఇప్పుడేం కావాలో, ఎంతసేపు చాలో, ఎప్పుడు వదిలెయ్యాలో రోజుకు ఎనిమిదిసార్లు ఆలోచించడం అలవాటు చేసే శిక్షణ అది. రాతి మూర్తికి ఉక్కపోస్తుందని విసనకర్ర వీచే మతం, నిజంగా ఉక్కపోసే బిడ్డకు ఆగస్టు ఉక్కలో జరీ అంచు గుచ్చుకునే పంచె కట్టి, నుదుటి మీద గట్టి అట్టకిరీటానికి రబ్బరు బిగించి, ‘ఇంకొక్కటి, ఇంకొక్క ఫొటో’ అంటుంటే, ఎక్కడో అలంకారం ఉద్దేశమే తలకిందులైందని ఒప్పుకోక తప్పదు. గుళ్లో అలంకారం కట్టించుకునేవారికి సేవ. స్టూడియోలో కట్టించుకున్నవాడే చూసేవాళ్లకు సేవ చేస్తున్నాడు.

పోతన భాగవతం దశమస్కంధంలో ఈ చర్చకు నేరుగా పనికొచ్చే ఘట్టం ఒకటుంది. మన్ను తిన్నావేమో నోరు చూపించమంటే కృష్ణుడు నోరు తెరుస్తాడు. అందులో యశోదకు లోకాలన్నీ కనిపిస్తాయి. వీడు నా కొడుకు కాదు, పరమాత్మ అని ఆమెకు తెలిసిపోతుంది. అక్కడితో కథ ముగించవచ్చు. కానీ భాగవతం ముగించదు. విష్ణుమాయ ఆమెను కమ్మేస్తుంది. చూసిందంతా మరిచిపోయి కొడుకును ఒళ్లోకి తీసుకుంటుంది. తల్లి దేవుణ్ణి మరిచి బిడ్డను చూడటమే ఆ కథకు కావాలి. కృష్ణాష్టమి ఫొటో సరిగ్గా దీనికి ఎదురు నడుస్తుంది. కాసేపు బిడ్డను మరిచి దేవుణ్ణి చూడమంటుంది. బిడ్డకు ఆకలేస్తున్నదీ, పంచె తడిసిందీ ఆ కాసేపట్లో కనిపించవు. ఇంకో మాట. ఆ గ్రంథంలోని కృష్ణుడు ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోడు. రోటికి కట్టబోతే తాడు రెండంగుళాలు తక్కువవుతుంది, ఎంత జోడించినా ఆ రెండంగుళాలు తక్కువే. తీరా కట్టాక రోటిని ఈడ్చుకుంటూ పోయి మద్దిచెట్లను కూలుస్తాడు. కెమెరా కోసం కదలకుండా కూర్చున్న బాలకృష్ణుడు ఏ పురాణంలోనూ లేడు.

మరి పూర్వం మనవాళ్లు పిల్లలకు వేషాలు వెయ్యలేదా? వేశారు, ఫొటోలూ తీయించారు. కృష్ణా గుంటూరు జిల్లాల్లో పాత ఆల్బం తెరిస్తే పూలజడ ఫొటో లేని ఇల్లు అరుదు. వేసవిలో మల్లెమొగ్గలు కొని, సూదితో జడకు కుట్టి, పైన రాగిడి, కింద జడకుచ్చులు పెట్టి, బరువుకు మెడ వెనక్కి లాగుతున్న పిల్లను స్టూడియోకు తీసుకెళ్లేవారు. ఫొటోగ్రాఫర్ వెనకాల నిలువుటద్దం పెట్టి ముఖమూ జడా రెండూ పడేలా నిలబెట్టేవాడు. జడ వేసినంతసేపూ, దీపాల వేడిలో నిలబడినంతసేపూ ఆ పిల్ల పడిన బాధ ఆల్బంలో ఉండదు, బిగుసుకున్న పెదాల్లో మాత్రం కాస్త కనిపిస్తుంది. మగపిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించే ముందు ఆ జుట్టుకే జడ వేసి, గౌను తొడిగి, బొట్టుపెట్టి ఫొటో తీయించడమూ ఉంది. ఇప్పుడు షష్టిపూర్తి చేసుకుంటున్న ఎందరో పెద్దమనుషుల గౌను ఫొటోలు ఆ ఇళ్ల బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. అయితే అవి బీరువాలోనే ఉన్నాయి. ఇంటికొచ్చిన చుట్టాలకు చూపించి, నవ్వుకుని, మళ్లీ లోపల పెట్టేవారు. తీసింది ఒక్క ఫొటో, చూసింది పాతికమంది.

అంతేకాదు, ముద్దు ఎక్కువైతే దాన్ని కాస్త చెడగొట్టాలన్న తెలివి కూడా ఆ ఇళ్లలో ఉండేది. బుగ్గ మీద, అరికాల్లో కాటుకతో దిష్టిచుక్క. బిడ్డ బాగున్నాడని ఎవరైనా రెండుసార్లు అంటే సాయంత్రానికి ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేవారు. భోగినాడు పిల్లల నెత్తిన రేగుపళ్లు పొయ్యడంలోనూ దిష్టి పోవాలన్న కోరికే ఉంది. పురిట్లో బిడ్డలు దక్కని ఇళ్లలో ఆ తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకుని పెంటయ్య అనీ, ఎంగిలి విస్తట్లో దొర్లించి పుల్లయ్య అనీ పేరు పెట్టుకున్న రోజులవి. దిష్టిని నమ్మాలా వద్దా అన్నది వేరే సంగతి. పరాయి చూపు బిడ్డ మీద ఎంత పడాలన్నదానికి ఇంటివాళ్లు ఓ హద్దు పెట్టుకున్నారు. ఇప్పుడు సినిమావాళ్లు పిల్లల ఫొటో పెట్టి ముఖం మీద హృదయం బొమ్మ అతికిస్తున్నారు. లక్షలమంది చూసే చోట అంతకన్నా పెద్ద దిష్టిచుక్కే కావాలి మరి.

జంతువుల విషయంలోనూ మన ఊళ్లు అమాయకమైనవి కావు. సంక్రాంతికి వచ్చే గంగిరెద్దును చూడండి. రంగురంగుల బొంతలు, మెడలో గంటలు, మూపురం మీద పట్టుగుడ్డ, కొమ్ములకు కుచ్చులు. సన్నాయికి తల ఊపుతుంది, ముంగాళ్లు వంచి దండం పెడుతుంది. ఆ తల ఊపడం వెనక ముకుతాడు ఉంది, ఏళ్ల తరబడి నేర్పిన నేర్పు ఉంది. పండగ మూడు రోజులూ అది గడపగడపకూ తిరగాల్సిందే. అదే పండగ మూడోనాడు, కనుమ రోజున, రైతు ఇంట్లో పశువులకూ అలంకారం జరుగుతుంది. కడుగుతారు, కొమ్ములకు రంగు వేస్తారు, పసుపూ కుంకుమా పెట్టి దండ వేస్తారు. కానీ ఆ రోజు కాడి కట్టరు. అలంకారంతో పాటు సెలవు ఇచ్చారు. ఒకే ఊళ్లో, ఒకే వారంలో అలంకరించిన రెండు ఎద్దులు. ఒకటి అలంకారంతో పనిలోకి దిగింది, ఇంకొకటి పని మానింది. గంగిరెద్దులవారి కళను తక్కువ చెయ్యడం కాదు. ఆ కుటుంబాలు ఆ ఎద్దును కన్నబిడ్డలా సాకుతాయి కూడా. అయినా తేడా తేడానే.

చట్టం ఈ విషయంలో మనం అనుకున్నదానికన్నా లోతుకు వెళ్లింది. హిందూ దేవాలయాల్లోని మూర్తిని మన న్యాయస్థానాలు ఎప్పటికీ మైనరుగానే చూస్తాయి. ఆస్తి ఆయనదే, అనుభవించేదీ ఆయనే, కానీ నోరు విప్పి అడగలేడు కాబట్టి సంరక్షకుడు ఉంటాడు. 1967లో రాధావల్లభ్‌జీ అనే కృష్ణ విగ్రహం ఆస్తి కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. సంరక్షకుడే స్వామి ప్రయోజనానికి ఎదురు తిరిగితే, మామూలు భక్తుడెవరైనా స్వామి తరఫున కోర్టుకు రావచ్చంది. జంతువుల వంతు 2014లో వచ్చింది. జల్లికట్టు కేసులో ఆ ఏడాది మే 7న ఇచ్చిన తీర్పులో, తమను తాము కాపాడుకోలేని జంతువుల హక్కులకు కోర్టే తల్లిదండ్రుల స్థానంలో నిలబడాలని న్యాయమూర్తులు అన్నారు. ఆకలిదప్పులు, భయం, బాధ, అసౌకర్యం లేకుండా, సహజమైన తీరులో బతికే స్వేచ్ఛలు జంతువుకు ఉన్నాయని లెక్కపెట్టి చెప్పారు. తర్వాత రాష్ట్రాలు చట్టాలు మార్చాయి, 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ మార్పుల్ని ఒప్పుకుంది, అది వేరే కథ.

ఇక మిగిలింది మనిషి బిడ్డ. విచిత్రంగా ఈ ముగ్గురిలో ఫొటో విషయంలో దిక్కులేనివాడు వాడే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువాళ్ల వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంది. అనుమతి ఇచ్చేది ఎవరు? ఫొటో తీసిన తల్లిదండ్రులే. పైగా ఇంటి అవసరానికి, సొంతానికి వాడుకునేదానికి ఆ చట్టం వర్తించదు. ఫ్రాన్సు 2024 ఫిబ్రవరిలో ఓ చట్టం చేసింది. బిడ్డ బొమ్మ మీద హక్కును తల్లీదండ్రీ కలిసి కాపాడాలి, వయసును బట్టి బిడ్డ మాట కూడా వినాలి, తల్లిదండ్రుల మధ్యే తగాదా వస్తే జడ్జి ఒకరిని ఫొటో పెట్టవద్దని ఆపవచ్చు. గుళ్లో కృష్ణుడికి అన్యాయం జరిగితే ఏ భక్తుడైనా అడగవచ్చు, స్టూడియోలో కృష్ణుడికి చెమట పోస్తుంటే ‘ఇక చాలమ్మా’ అనే హక్కు ఇంట్లో అమ్మమ్మకు కూడా లేకుండా పోయింది. ఆవిడ అన్నా వినేవాళ్లు లేరు.

ఈ ముద్దు వ్యాపారం పాతదే. ఇంగ్లండులోని బ్రైటన్‌లో హ్యారీ పాయింటర్ అనే ఫొటోగ్రాఫర్ 1870లలోనే పిల్లులను మూడుచక్రాల బండి ఎక్కించి, టీ కప్పుల ముందు కూర్చోబెట్టి కార్డులు అమ్మాడు. అమెరికాలో హ్యారీ విటియర్ ఫ్రీస్ పిల్లిపిల్లలకు గౌన్లు తొడిగి, వంటచేస్తున్నట్టూ బట్టలుతుకుతున్నట్టూ ఫొటోలు తీసి 1915లో పుస్తకమే వేశాడు. పంతొమ్మిదో శతాబ్దపు కెమెరాకు చాలాసేపు కదలకుండా ఉండాలి కాబట్టి, పసిపిల్లల ఫొటోల్లో తల్లి మీద దుప్పటి కప్పేసి, ఆమెను కుర్చీలా చేసి, ఒళ్లో బిడ్డను కూర్చోబెట్టేవారు. అమ్మ ఉందిగానీ కనపడదు. 1996లో ఫొటోగ్రాఫర్ ఆన్ గెడ్డెస్ ‘డౌన్ ఇన్ ది గార్డెన్’ పుస్తకంతో పూలకుండీల్లో, పువ్వుల మధ్యలో పసికందులు ప్రపంచమంతా తిరిగారు. ఇవాళ బెజవాడలో పురిటి స్నానం కూడా కాకముందే బుట్టల్లో, ఊయలల్లో తీసే ఫొటోలకు ఆమే పెద్దమ్మ.

ఇవి ముద్దుగా ఎందుకు అనిపిస్తాయో ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లో వివరించాడు. పెద్ద తల, గుండ్రటి బుగ్గలు, ముఖంలో కాస్త కిందికి ఉండే పెద్ద కళ్లు, పొట్టి కాళ్లూ చేతులూ. ఇవి కనిపించగానే మనిషిలో సాకాలనే కోరిక పుడుతుంది. ప్రకృతి ఆ కోరికను పెట్టింది బిడ్డను ఎత్తుకోవడానికి, పాలివ్వడానికి. కుక్కపిల్లకూ పిల్లికూనకూ అవే లక్షణాలు ఉండటం వల్ల అవీ ఆ ప్రేమలో భాగం పంచుకున్నాయి. ఇప్పుడు ఆ కోరిక లేవగానే చెయ్యి బిడ్డ దగ్గరికి కాక ఫోన్ దగ్గరికి వెళ్తోంది.

పుట్టి రెండు వారాలైనా కాని బిడ్డనే స్టూడియోలు ఎక్కువగా కోరుకోవడానికి కారణముంది. అప్పుడు గాఢంగా నిద్రపోతాడు, ఎటు మడిస్తే అటు మడుచుకుంటాడు. మెడ నిలవడానికి ఇంకా మూడు నాలుగు నెలలు పడుతుంది. ఒంటి వేడిని తనంతట తాను సరిగ్గా నిలుపుకోలేడు. రెండు చేతుల మీద గడ్డం ఆనించి కప్పలా కూర్చున్న నవజాత శిశువు ఫొటో ఒకటి బాగా తిరుగుతుంటుంది. అది ఒక ఫొటో కాదు. ఒకసారి ఎవరో తల పట్టుకుని తీసి, ఇంకోసారి మణికట్లు పట్టుకుని తీసి, కంప్యూటర్లో రెండూ కలిపి, పట్టుకున్న చేతుల్ని చెరిపేస్తారు. తెలిసిన ఫొటోగ్రాఫర్లు అలాగే చేస్తారు. ఆ సంగతి తెలియని ఇంట్లో, ఫోన్‌తో, సోఫా మీద ఆ బొమ్మను చూసి ప్రయత్నిస్తేనే ప్రమాదం. చెరిపేసిన ఆ చేతులే బిడ్డ ప్రాణానికి ఆధారం.

పశువైద్యులూ పిల్లల వైద్యులూ చెప్పే ఒక విషయం మాత్రం అందరూ తెలుసుకోదగ్గది. నోరులేనివాళ్లు ‘చాలు’ అని అనలేరన్నది అబద్ధం. అంటారు. పసిబిడ్డ తల పక్కకు తిప్పేస్తాడు, చూపు తప్పిస్తాడు, ఆవులిస్తాడు, వేళ్లు విచ్చుకుని చెయ్యి అడ్డం పెట్టినట్టు చాస్తాడు, ఎక్కిళ్లు మొదలవుతాయి. ఏడుపు ఆ తర్వాతి మాట. కుక్క కూడా దాదాపు ఇలాగే చెబుతుంది. తల పక్కకు తిప్పుతుంది, నిద్ర రాకుండానే ఆవులిస్తుంది, తిండి లేకపోయినా మూతి నాకుతుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది, తెల్లగుడ్డు కనిపించేలా కంటి కొసతో చూస్తుంది. ఒంటి మీద బట్ట పడగానే పిల్లి బొమ్మలా బిగుసుకుపోతే అది బుద్ధిమంతురాలై కాదు, ఏం చెయ్యాలో తోచక. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే. మిగతా వేడి చాలావరకు వగర్పుతోనే పోవాలి, అందుకే బెజవాడ ఎండలో దాని మీద కప్పిన ప్రతి గుడ్డా ఓ దుప్పటే. ఫేస్‌బుక్‌లో జనానికి బాగా నచ్చే ‘సిగ్గుపడుతున్న కుక్క’ చాలాసార్లు భయపడుతున్న కుక్క. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ చేసిన పరీక్షలో, కుక్క ‘తప్పు చేసిన ముఖం’ పెట్టేది తప్పు చేసినందుకు కాదు, యజమాని గద్దించినందుకేనని తేలింది. దాని ముఖం మీద మనం మన కథ రాసుకుంటున్నాం.

అంటే ఫొటోలు మానెయ్యాలా? అక్కర్లేదు. నవరాత్రుల్లో కుమారీ పూజ చేసే ఇళ్లలో చిన్నపిల్లను బాలగా కూర్చోబెట్టి, కాళ్లు కడిగి, కొత్త గౌను ఇచ్చి, పాయసం పెడతారు. ఆ పిల్ల లేచి వెళ్లిపోతానంటే వెళ్లనివ్వాల్సిందే, ఎందుకంటే ఆ కాసేపూ దేవత ఆమే. కృష్ణ వేషానికీ ఆ మర్యాదే చాలు. పాలు తాగి, నిద్రలేచి, హుషారుగా ఉన్న వేళ చూసుకోవడం. జరీ బదులు నూలు పంచె, అట్టకిరీటం బదులు ఒక్క పింఛం. ముఖం తిప్పుకుంటే ఆపెయ్యడం. కుక్కకైతే మెడలో వదులుగా ఓ బంతిపూల దండ, రెండు నిమిషాల తర్వాత తీసెయ్యడం. ఇది ఏ పాశ్చాత్య హక్కుల పాఠమూ కాదు, నాథద్వారంలో రోజుకు ఎనిమిదిసార్లు జరిగేదే. తెర వెయ్యడం తెలిసినవాళ్లు అలంకారం ఎంతైనా చెయ్యవచ్చు.

వేషం కట్టడంలో ఉన్న ఆనందం ఏమిటో కృష్ణా జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. మొవ్వ మండలంలోని కూచిపూడిలో, సిద్ధేంద్రయోగికి ఇచ్చిన మాటగా, భాగవతుల ఇళ్లలో ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది ఆచారం. వేదాంతం సత్యనారాయణ శర్మ దశాబ్దాల పాటు భామగా ఆడి, ఆడవాళ్లే కళ్లార్పకుండా చూసేలా చేశాడు. 1970లో పద్మశ్రీ వచ్చింది. భామాకలాపంలో సత్యభామ ముందు కనపడదు. తెర మీదుగా జడ విసురుతుంది. ఈ జడకు సాటి ఏదైనా ఉందా అన్న సవాలు అది. ఆ తెర ఎప్పుడు దించాలో, ఎంతసేపు ఊరించాలో వేషం కట్టినవాడి చేతిలో ఉంటుంది. పూలజడ ఫొటోలోని పాపాయి చేతిలో లేనిది అదే.

మూడు నాలుగేళ్లు వచ్చేసరికి ఆ చెయ్యి తయారవుతుంది. అప్పుడు పిల్లలే అడుగుతారు. నేను హనుమంతుణ్ణి, నేను అల్లూరిని, నాకు తోక కట్టు అంటారు. క్రిస్మస్ నాటికి చర్చిలో దేవదూత రెక్కల కోసం కొట్టుకుంటారు. ఫొటో దిగడం వాళ్లకు పెద్ద పట్టింపు కాదు, గద ఉంటే చాలు. స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ మధ్యాహ్నానికే అయిపోతుంది, హనుమంతుడు మాత్రం రాత్రి అన్నానికి కూడా తోకతోనే కూర్చుంటాడు. అప్పుడు ‘ఇక తీసెయ్యి నాన్నా, నిద్రపోదాం’ అని బతిమాలాల్సిన వంతు అమ్మది. తియ్యనని చెప్పే హక్కు వాడిది.